మూసిన తలుపు పక్కన ముక్కాలిపీట

మా బావ లిఫ్ట్ బాగుచేశాక సంచి సర్దుకుని వెళ్లిపోడు. వెంట తెచ్చుకున్న ముక్కాలిపీటని లిఫ్ట్ లోపల ఓ మూల వేసుకుని కూర్చుంటాడు. అరగంటసేపు ఎవరు ఎక్కితే వాళ్లతో పైకి పోతాడు, ఎవరు దిగుతుంటే వాళ్లతో కిందికొస్తాడు. కొత్తవాళ్లు ఆయన్ని లిఫ్ట్ నడిపే మనిషనుకుని "నాలుగు" అంటారు. బావ మర్యాదగా నాలుగు నొక్కుతాడు. "ఎందుకండీ ఇక్కడ కూర్చున్నారు?" అని ఎవరైనా అడిగితే మాత్రం ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ ప్రశ్న కోసమే గదా కూర్చుంది.

"దీన్ని బాగుచేసింది నేనేనండీ. నేను కూర్చోడానికి భయపడేదాంట్లో మిమ్మల్ని ఎలా ఎక్కమంటాను?"

అరగంట తరవాత లిఫ్ట్ గోడకి అరచేయంత అట్టముక్క ఒకటి బిగిస్తాడు. "ఈ లిఫ్ట్‌ని ఈ తేదీన బాగుచేసింది నేను. తేడా వస్తే పూచీ నాది" అని సొంత దస్తూరీతో రాసి, కింద పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా. కంపెనీవాళ్లెవరూ ఇంటి చిరునామా రాయరు. ఈయన రాస్తాడు. దాంతో అసలు పేరు వెనకబడిపోయి, ఊళ్లో ఆయన పేరు సొంతపూచీ అయిపోయింది. పోస్టుమాన్ కూడా "సొంతపూచీగారూ, ఉత్తరం" అని కేకేస్తాడు.

ఆ ఇంటి ఇల్లాలు మా అక్క. ఇక నేను ఎవరినంటే, లిఫ్టుల తనిఖీ ఆఫీసులో గుమాస్తాను. ఊళ్లో ప్రతి లిఫ్ట్‌నీ మా ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి చూడాలి. ఆయన బాగుందని రాస్తే నేను యోగ్యతాపత్రం టైపు చేస్తాను. పైన గుండ్రటి ముద్ర, కింద మూల నా పొట్టి సంతకం. దానికి అద్దం బిగించి లిఫ్ట్‌లో తగిలిస్తారు. అంటే చాలా లిఫ్టుల్లో ఒక గోడకి నా కాగితం, ఎదురు గోడకి మా బావ అట్టముక్క ఉంటాయన్నమాట. ఇంట్లో భోజనాల దగ్గర మేం చేసుకునే వాదన అక్కడ గోడలకి వేలాడుతూ ఉంటుంది.

"ఏమోయ్ సర్కారూ," అంటాడు నన్ను. పన్నెండేళ్లుగా అదే పిలుపు. "మీ కాగితం ఉన్న లిఫ్ట్ జారిపోతే, ఆ ముద్ర వచ్చి పట్టుకుంటుందా?"

"నీ అట్టముక్క పట్టుకుంటుందా?"

"అది పట్టుకోదు. నేనొస్తాను. చిరునామా రాశాను గదా."

మా బావ లెక్కలో ప్రభుత్వానికి మూడే పనులు. దొంగని పట్టుకోవడం, ఇచ్చిన మాట తప్పినవాణ్ణి నిలదీయడం, ఒకడి మీద ఒకడు చెయ్యి చేసుకోకుండా చూడటం. మిగిలినవన్నీ మనుషులు తమలో తాము చూసుకోగలరంటాడు. ఆయనకి అన్నిటికన్నా ఇష్టమైన మాట గుమ్మం. "గుమ్మం ఇవతల నా ఇష్టం, గుమ్మం అవతల వాళ్ల ఇష్టం. అడక్కుండా గుమ్మం దాటేవాడు దొంగైనా ఒకటే, దొరగారైనా ఒకటే."

నాకు ఆయన్ని కెలకడం సరదా. సరదా అనడం కూడా సరికాదేమో, నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. ఇంత గట్టిగా నమ్మేవాడి నమ్మకం ఎక్కడ మొదలైంది, ఎక్కడికి వెళ్లి ఆగుతుంది? ఒకసారి హెల్మెట్ సంగతి ఎత్తాను. బండి తీసేముందు ఆయన హెల్మెట్ పెట్టుకోని రోజు లేదు, పట్టీ రెండుసార్లు లాగి చూసుకుంటాడు కూడా. అయినా పెట్టుకోనివాడికి జరిమానా వెయ్యడం తప్పంటాడు.

"వాడి తల వాడిది."

వంటింట్లోంచి అక్క అందుకుంది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, అదీ ప్రమాదాల వార్డులో. "తల వాడిదే, కాదనను. పగిలాక మాత్రం అది నా చేతుల్లోకి వస్తుంది. నా గుమ్మం సంగతేంటి మరి?"

బావ కాసేపు అన్నం కెలికాడు. "దాని గురించి ఆలోచించాలి," అన్నాడు. ఆయనలో నాకు నచ్చేది అదే. దొరక్కపోతే దొరకలేదంటాడు, గొంతు పెంచి గెలవాలని చూడడు. ఇక మా అక్కతో గొంతు పెంచి గెలిచినవాళ్లు ఎవరూ లేరు, ఆ ఇంట్లో ప్రభుత్వం ఆవిడే.

ఆ నమ్మకం ఎక్కడ మొదలైందో మాత్రం నాకు తెలిసింది. బావ వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. బజారులో చిన్న కొట్టు. బావకి పదకొండేళ్లప్పుడు ఒకరోజు పొద్దున వెళ్లేసరికి కొట్టు తలుపుకి కాగితం అంటించి, లక్క ముద్ర వేసి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారట. నోటీసు ముందే పంపామని అందులో రాసి ఉంది కానీ, అది ఏ చిరునామాకి వెళ్లిందో దేవుడికే తెలియాలి. లోపల జనం ఇచ్చిన గడియారాలు నలభైదాకా ఉన్నాయి. బయట మిగిలింది, వచ్చినవాళ్లు కూర్చోవడానికి అరుగు మీద వేసిన ముక్కాలిపీట ఒక్కటే.

ఆ పెద్దాయన పదిరోజులు ఆ పీట మీద, మూసిన తలుపు ముందు కూర్చున్నాడు. గడియారం కోసం వచ్చిన ప్రతివాడికీ ఎందుకు ఇవ్వలేకపోతున్నాడో చెప్పాడు, తిట్టినవాళ్ల చేత తిట్లు తిన్నాడు. మూసినవాడు ఎవరని అడుగుదామంటే కనపడ్డ నాథుడు లేడు. కాగితం మీద సంతకం ఉంది, సంతకం పెట్టిన మనిషి లేడు. పదకొండో రోజు ఎవరో వచ్చి ముద్ర విప్పి, గడియారాలు తీసుకోమని గంట టైమిచ్చారు. మా బావ లిఫ్టుల్లో వేసుకుని కూర్చునే పీట అదే.

ఇదంతా విని ఆయన్ని గొప్పవాణ్ణి చేసేస్తున్నాననుకోకండి. ఈయన సొంత పూచీ మీద చేసే ఘనకార్యాలు కూడా చూశాను. వాళ్ల సందు మొదట్లో గుంట ఒకటి ఉండేది. పురపాలకసంఘానికి మూడు అర్జీలు పెట్టారు సందువాళ్లు. బావ అర్జీ పెట్టలేదు, ఆదివారం పొద్దున సిమెంటు కలిపి పూడ్చేశాడు. తడి ఆరకముందే మేకుతో తన పేరు, తేదీ గీశాడు. సందు సందంతా మెచ్చుకుంది. మొదటి వాన వచ్చేదాకా.

ఆయన ఉత్సాహం కొద్దీ రోడ్డుకన్నా రెండంగుళాలు ఎత్తు పోశాడు. ఇన్నాళ్లూ గుంటలో పడి ఇంకిపోయే నీళ్లు కాస్తా పక్కకి తిరిగి దర్జీ కొట్టులోకి నడిచాయి. కుట్టడానికి ఇచ్చిన బట్టలు మడమలోతు నీళ్లలో తేలాయి. బావ బకెట్ పట్టుకుని రెండురోజులు నీళ్లు తోడాడు, దర్జీ గుమ్మానికి మెట్టు కట్టాడు, తడిసిన బట్టలన్నీ ఇంటికి తెచ్చి ఉతికించాడు. ఉతికించాడు అంటే తనే ఉతికాడు, అక్క దగ్గరికి రానివ్వలేదు.

"చూశావా, అందుకే ఇంజినీర్లుంటారు," అన్నాను పళ్లికిలించి.

"మీ ఇంజినీరు పూడ్చి ఉంటే దర్జీ ఎవరి దగ్గరికి పోవాలోయ్? నా పేరు రోడ్డు మీదే ఉంది, సరాసరి మా ఇంటికొచ్చాడు," అన్నాడు తడి బట్ట పిండుతూ. అప్పటికి ఇద్దరం గెలిచినట్టే అనిపించింది.

ఇలా నవ్వులాటగా సాగుతున్న మా వాదన నాలుగంతస్తుల మేడ దగ్గర ఆగింది.

అది పాతకాలపు లిఫ్ట్. ప్రతి అంతస్తులోనూ పిడి పట్టి లాగే తలుపు. లిఫ్ట్ వచ్చి నిలిస్తేనే ఆ తలుపు తెరుచుకోవాలి, లేనప్పుడు ఎంత లాగినా రాకూడదు. ఆ పని చూసేది తలుపు నెత్తిన ఉండే గుప్పెడంత తాళం. మూడో అంతస్తులో అది అరిగిపోయింది. లిఫ్ట్ లేకపోయినా లాగితే తలుపు వచ్చేస్తోంది, అవతల ఖాళీ గొయ్యి. బావ చూసి మేడ యజమానికి చెప్పాడు. కొత్త తాళం తెప్పించడానికి వారం పడుతుందన్నాడు. అంతవరకూ ఆ తలుపు మూసేద్దామన్నాడు. యజమాని ఒప్పుకోలేదు. మూడో అంతస్తులో అద్దెకున్నవాళ్లు గోల చేస్తారు, చూసుకుని ఎక్కుతారులే, చిన్నపిల్లలెవరూ లేరు గదా అన్నాడు.

బావ సంచిలో గొలుసు, తాళంకప్ప ఉన్నాయి. ఎప్పుడూ ఉంటాయి. కానీ తలుపు యజమానిది, వాడుకునేది అద్దెకున్నవాళ్లు. యజమాని వద్దన్నాక గొలుసు వెయ్యడానికి తనెవరు? తెలిసింది చెప్పడం తన బాధ్యత, తేల్చుకోవడం వాళ్ల హక్కు. ఆ అంతస్తులోని మూడిళ్ల తలుపులూ కొట్టి చెప్పాడు. తరవాత పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసి లిఫ్ట్ తలుపుకి అంటించాడు. "ఈ తలుపు తాళం పనిచేయడం లేదు. తలుపు తెరుచుకున్నా లోపల లిఫ్ట్ ఉండకపోవచ్చు. కళ్లారా చూసుకుని అడుగు వేయండి." కింద పేరు, చిరునామా. ఇలాంటి పొరపాటు ఇంకో మెకానిక్ చెయ్యడు. ఇంకెవడైనా అయితే ఎవరినీ అడక్కుండా గొలుసు వేసి పోయేవాడు, లేదా అసలు పట్టించుకునేవాడే కాదు.

ఆ మేడ మెట్ల కింద బల్ల వేసుకుని ఇస్త్రీ చేసే పెద్దమ్మ ఒకావిడ ఉంది. అందరికీ పెద్దమ్మే. ఇస్త్రీ బట్టల మూట రెండు చేతులతో గడ్డం దాకా పట్టుకుని, ఆఫీసులకి టైమయ్యేలోపు ఇంటింటికీ ఇచ్చి వస్తుంది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి మోచేత్తో పిడి లాగి, తలుపుని వీపుతో నెట్టుకుంటూ వెనక్కి నడిచి లిఫ్ట్ ఎక్కడం ఆవిడ అలవాటు. ఆవిడకి చదువు రాదు.

కాగితం అంటించిన మర్నాడు పొద్దున మూడో అంతస్తులో ఒకింటి బట్టలిచ్చి, పై అంతస్తు బట్టలతో వెనక్కి అడుగు వేసింది. లిఫ్ట్ రెండో అంతస్తులో ఆగి ఉంది. దాని కప్పు నడుంలోతు కింద ఉంది. ఆవిడ దాని మీద పడింది. పడేటప్పుడు పక్కకి తిరిగి మూట మీద వాలడంతో తల దక్కింది కానీ, కాలు ఇనపబద్దల మధ్య ఇరుక్కుని రెండుచోట్ల విరిగింది. అదే లిఫ్ట్ కింద నేల మీద ఆగి ఉంటే నేనిప్పుడు ఇది రాసేవాణ్ణే కాదు.

లిఫ్ట్ లోపల గోడకి నా కాగితం వేలాడుతోంది. అన్ని తలుపులూ తాళాలూ సక్రమంగా ఉన్నాయనీ, ఇంకా నాలుగు నెలలు చెల్లుతుందనీ. మా ఇన్‌స్పెక్టరు ఆ మేడలో కింది అంతస్తు దాటి పైకి ఎక్కలేదని నాకు తెలుసు. టీ తాగే టైముకి తిరిగొచ్చేశాడు మరి. నేను టైపు చేశాను, సంతకం పెట్టాను.

ఆవిణ్ణి మా అక్క వార్డులోనే చేర్చారు. సాయంత్రం బావ వెళ్లాడు, వెనకాల నేను. కాలికి పిండికట్టు వేసి ఎత్తి కట్టారు. బావ మంచం పక్కన నిలబడ్డాడు, కూర్చోలేదు.

"పెద్దమ్మా, ఆ కాగితం అంటించింది నేనే."

"తెలుసు. నేను చూస్తానే ఉన్నాను గదా," అంది పెద్దమ్మ. "నువ్వు మెట్లు దిగి వచ్చేటప్పుడు నేను బల్ల దగ్గరే ఉన్నాను. నా ముందు నుంచే నడిచిపోయావు. ఒక కేక వేస్తే నీ నోరు అరిగిపోయేదా నాయనా?"

మూడిళ్ల తలుపులు కొట్టిన మనిషికి, తలుపే లేని మెట్ల కింద మనిషి గుర్తుకి రాలేదు. ఆవిడకి అక్కడ ఇల్లు లేదు, అద్దె చీటీ లేదు, బావ చెప్పే గుమ్మం లేదు. ఆయన మొహం చూస్తే ఆ సంగతి ఆయనకి అప్పుడే, ఆ మంచం పక్కనే తెలిసొచ్చిందని నాకు అర్థమైంది. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. కోపం ఎవరి మీదో మాత్రం సరిగ్గా తేల్చుకోలేకపోయాను.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు బావ.

"కాలి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. రేపు పొద్దున మూటలు ఎవరు మోస్తారు? మూడు రోజులు ఆగితే అందరూ వేరే మనిషిని చూసుకుంటారు. ఇరవయ్యేళ్లుగా కట్టుకున్న పని అది."

వారం తరవాత మా ఆఫీసులో విచారణ. నిజానికి బంధువుని కాబట్టి నేను ఆ గదిలో ఉండకూడదు. కానీ వాంగ్మూలం రాయడానికి మా ఆఫీసులో ఉన్నది నేనొక్కణ్ణే. ముందురోజు రాత్రే అక్కతో చెప్పించాను, అడిగినదానికే జవాబు చెప్పమని. ఆ రోజు ఇళ్లవాళ్లకి చెప్పాల్సింది చెప్పాడు, రాతపూర్వకంగా హెచ్చరించాడు, యజమాని వద్దన్నాడు. నిబంధనల ప్రకారం ఆయన మీద మచ్చ లేదు.

పెద్ద అధికారి కూడా అదే అన్నాడు. "మీరు హెచ్చరిక అంటించారు. మీ బాధ్యత అక్కడితో పూర్తయింది. తప్పు యజమానిది. ఇంకేమైనా చెప్పేది ఉందా?"

"నా సంచిలో గొలుసు ఉందండీ," అన్నాడు బావ.

నా కలం ఆగింది. అధికారి కళ్లజోడు తీశాడు. "అది మేం అడగలేదు గదండీ."

"అడగలేదు. కానీ ఉంది. తాళంకప్ప కూడా ఉంది. ఒక్క నిమిషం పని. వెయ్యొద్దన్నారని వెయ్యలేదు. ఆ తలుపు తెరిచేవాళ్లందరూ చదవగలరా లేదా అని ఆలోచించలేదు." నా వైపు తిరిగాడు. "రాయండి సర్కారూ, ఎందుకు ఆగారు?"

రాశాను. ఆ రాతకి ఫలితంగా ఆయన లైసెన్సు ఆరునెలలు ఆపేశారు. ఆ లైసెన్సుని ఆయన ఎప్పుడూ గోడకి తగిలించలేదు, బీరువాలో పాత బిల్లుల కింద పడేసి ఉంచేవాడు. అయినా అది లేకుండా పని చెయ్యడం చట్టవిరుద్ధం. యోగ్యతాపత్రం సంగతి ఆ గదిలో ఎవరూ ఎత్తలేదు. బావకి తెలుసు, లిఫ్ట్‌లో ఎదురు గోడకే గదా ఉంది. ఆయన ఒకసారి నా మొహంలోకి చూసి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. నా జీతం, నా కుర్చీ, నా ఇన్‌స్పెక్టరు, అన్నీ క్షేమంగా ఉన్నాయి. ఆ రాత్రి అన్నం సహించలేదని చెప్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. శుభ్రంగా తిన్నాను. తిన్నాకే అరగలేదు.

ఆ ఆరునెలలూ బావ ఇస్త్రీ మూటలు మోశాడు. పెద్దమ్మ మేనకోడలు వచ్చి ఇస్త్రీ చేసిపెట్టేది, బావ మెట్లెక్కి ఇంటింటికీ ఇచ్చేవాడు. రెండో నెలలో పెద్దమ్మ చంకకర్రలతో వచ్చి బల్ల పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అప్పుడు చూడాలి మా బావ అవస్థ. నాకు కుతూహలం ఆగక, ఆఫీసుకి వెళ్లే దారిలో అక్కడ ఆగేవాణ్ణి.

"ఏవయ్యా, అప్పుడే దిగొచ్చేశావు? తలుపు కొట్టి, చేతిలో పెట్టి పరిగెత్తుకొచ్చావా?" అని నిలదీసేది పెద్దమ్మ.

"ఇచ్చాను గదా పెద్దమ్మా. ఇంకేం చెయ్యాలి?"

"నిలబడాలి! వాళ్లు మడత విప్పి చూసుకునేదాకా నిలబడాలి. ఎక్కడైనా మసి అంటితే నీ మొహం మీదే అనాలి వాళ్లు. నువ్వు వచ్చేశాక అనుకుంటే నాకెలా తెలుస్తుంది?"

"వాళ్లు తలుపు వేసేసుకుంటున్నారు."

"నువ్వు నిలబడితే ఎందుకు వేసుకుంటారు? పో, మళ్లీ పో."

మళ్లీ నాలుగంతస్తులు ఎక్కేవాడు బావ. కొత్త తాళం బిగించినా ఆ లిఫ్ట్ ఎక్కేవాడు కాదు. జరిమానా లేని శిక్ష, తనకి తనే వేసుకున్నది. పెద్దమ్మ రెండు కర్రలు పోయి ఒక కర్ర మీదికి వచ్చింది, తరవాత ఆ కర్రా పోయింది. కొంచెం కుంటు మాత్రం ఉండిపోయింది. బావ మీద ఆవిడకి కోపం పోయిందా అని ఒకసారి అడిగాను. "సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నా, పని చేయించుకోడానికి పనికొస్తుంది," అంది.

లైసెన్సు తిరిగొచ్చాక బావ ఎలా పనిచేస్తాడన్నదే నాకు పట్టుకున్న ప్రశ్న. మళ్లీ అలాంటి తలుపే ఎదురైతే? గొలుసు వేస్తాడా? వేస్తే ఇన్నాళ్లు చెప్పిన గుమ్మం సిద్ధాంతం ఏమవుతుంది? వెయ్యకపోతే పెద్దమ్మ కాలు ఏమవుతుంది? అడిగితే నవ్వేసేవాడు. "అప్పుడు చూద్దాంలే సర్కారూ."

లైసెన్సు వచ్చిన మూడు నెలలకే ఆ రోజు వచ్చింది, అదీ ఫిర్యాదు రూపంలో. ఆఫీసుకి ఒక భవనం యజమాని ఫోన్ చేశాడు. "మా రెండో అంతస్తులో లిఫ్ట్ తలుపుకి ఒకాయన గొలుసు వేసి, దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాడండీ. కదలమంటే కదలడు. చర్య తీసుకోండి." పీట అనగానే నాకు అర్థమైపోయింది. అధికారి విషయం విని, తలుపు ప్రమాదకరమైతే మనమే సీలు వేద్దామని నిషేధపత్రం మీద సంతకం చేసి నన్ను పంపించాడు. ఇన్‌స్పెక్టరు సెలవులో ఉన్నాడు.

మధ్యాహ్నం వెళ్లాను. కాగితం, జిగురు సీసా సంచిలో ఉన్నాయి. రెండో అంతస్తు మెట్లు ఎక్కుతుంటేనే ఒక గొంతు గట్టిగా వినపడింది. రిటైరైన మాస్టారు ఒకాయన, చేతికర్ర నేలకేసి కొడుతున్నాడు. "నేను మూడో అంతస్తులో దిగి ఒక వరస మెట్లు నడిచి రావాలా? ఎవరిచ్చారయ్యా నీకు ఈ అధికారం?"

"ఎవరూ ఇవ్వలేదండీ," అన్నాడు బావ పీట మీంచి లేచి. "అందుకే ఇక్కడ కూర్చున్నాను."

గొలుసు విప్పి, మాస్టారుని చెయ్యి పట్టుకుని నిలబెట్టి, తలుపు లాగి చూపించాడు. లోపల ఖాళీ. అడుగున ఎక్కడో నూనె మరకల చీకటి. మాస్టారు వంగి చూశాడు, ఒకడుగు వెనక్కి వేశాడు. బావ తలుపు మూసి మళ్లీ గొలుసు వేశాడు. "తాళం ఎల్లుండి వస్తుంది. అప్పటిదాకా మీకు కష్టమే. తిట్టాలనిపిస్తే నేనిక్కడే ఉంటాను."

"రాత్రికో?" అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

"అదే ఆలోచిస్తున్నానండీ."

"తొమ్మిదింటికి తాళంచెవి నాకిచ్చి వెళ్లు. నాకెలాగూ నిద్ర పట్టదు," అని లోపలికి వెళ్లిపోయాడాయన.

అప్పుడు చూశాడు బావ నన్ను. "రండి సర్కారూ. సీలు తెచ్చారా?"

"తెచ్చాను. గొలుసు వేశావు గదా బావా, ఇంకా కాపలా ఎందుకు? ఇంటికి పోవచ్చుగా."

"గొలుసు వేశాను కాబట్టే కూర్చున్నాను. ఇంకొకడి తలుపు మూసినవాడు, ఎందుకు మూశావని అడిగేవాళ్లకి కనపడాలి. మూసేసి వెళ్లిపోతే మా నాన్న కొట్టు మూసినవాడికీ నాకూ తేడా ఏముంది?" చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. "నేను గుమ్మం దాటాను, నాకు తెలుసు. దాటాను గాబట్టి ఇక్కడే ఉంటాను. అంతకన్నా గొప్ప సమాధానం నాకు దొరకలేదోయ్."

నేను మెట్టు మీద కూర్చున్నాను. తొమ్మిది నెలలుగా గొంతులో ఉన్నది అడిగేశాను. "ఆ రోజు విచారణలో నా కాగితం సంగతి ఎందుకు చెప్పలేదు?"

"అది నీ గుమ్మం. నేనెలా తెరుస్తాను?" అన్నాడు. కోపంగా కాదు, ఎగతాళిగా కాదు, మామూలుగా. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

కాసేపటికి ఆయనే లేచాడు. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. అరగంటలో వస్తాను. నీ కాగితం అంటించుకుంటే అంటించుకో," అని తాళంచెవి నా చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

ఆయన వెళ్లాక కింది అంతస్తుకి దిగి, అక్కడ లిఫ్ట్ ఎక్కి లోపల చూశాను. గోడకి యోగ్యతాపత్రం ఉంది. అన్ని తలుపులూ సక్రమం. కింద మూల నా పొట్టి సంతకం. మళ్లీ రెండో అంతస్తుకి నడిచి వచ్చి సంచిలోంచి నిషేధపత్రం తీశాను. ప్రవేశం నిషిద్ధం, ఉల్లంఘించినవారు శిక్షార్హులు. అంటించేస్తే నా పని అయిపోయినట్టే, నాలుగింటి బస్సు దొరుకుతుంది. జిగురు సీసా మూత తీశాను. మళ్లీ పెట్టేశాను. పీట మీద కూర్చున్నాను. చూడటానికి చిన్నదే కానీ, సుఖంగా కూర్చోనిచ్చే పీట కాదది.

కూరగాయల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని ఒకావిడ మెట్లు దిగుతూ వచ్చింది. మూడో అంతస్తులో దిగి నడిచి వస్తున్నట్టుంది, చెమటలు కారుతున్నాయి. గొలుసు చూసి, నన్ను చూసి, విసుగ్గా ఆగింది.

"ఎవరండీ ఇది మూసింది?"

పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్నెవరూ నా మొహం మీద అడగలేదు. అడిగే చోట నేనెప్పుడూ లేను.

"నేనేనండీ," అన్నాను లేచి నిలబడి. "ఇది బాగుందని ఆర్నెల్ల కిందట కాగితం ఇచ్చిందీ నేనే. సంచులు కింద పెట్టండి, చూపిస్తాను."

ఆవిడ సంచులు కింద పెట్టింది. నేను తాళంచెవి తిప్పాను.